నయం కాదన్నాక వైద్యం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. కడుపులో క్యాన్సర్, లివర్‌కి పాకింది. మొదటి కీమో కొన్నాళ్లు బాగానే పనిచేసింది. మొన్న స్కాన్ తీస్తే గడ్డలు మళ్లీ పెరిగాయన్నారు. ఇంకో రకం కీమో ఉంది, ఇవ్వొచ్చు, కానీ నయం మాత్రం కాదు అని డాక్టరు గారు చెప్పేశారు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇమ్యునోథెరపీ చేయించాల్సిందే, అవసరమైతే పొలం అమ్మేద్దాం అంటున్నాడు. అమ్మేమో ‘ఆయన్నింక హింస పెట్టకండర్రా, ఇంటికి తెచ్చేయండి’ అని ఏడుస్తోంది. నాన్నకి అల్సర్ అని చెప్పి నెట్టుకొస్తున్నాం. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, భీమవరం

జవాబు: అమ్మా, ఇంట్లో తలా ఒక తీర్పు చెబుతున్నారు గానీ, ఒళ్లు ఎవరిదో ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మందు సంగతి చూద్దాం.

ఈ దశలో రెండో రకం కీమో వల్ల ఏం ఒరుగుతుందో తేల్చడానికి బ్రిటన్‌లో ఒక అధ్యయనం చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. ఇంచుమించు మీ నాన్నగారి పరిస్థితిలోనే ఉన్న 168 మందిలో కొందరికి డోసిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించారు. మిగిలినవాళ్లకి నొప్పి, వాంతులు వగైరాలకి మాత్రమే మందులిచ్చారు. మందు ఎక్కించుకున్నవాళ్లలో సగం మంది 5.2 నెలలు దాటి బతికారు. రెండో జట్టులో ఆ లెక్క 3.6 నెలలు. తేడా నెలన్నర. ఈ నెలన్నర కోసమా ఇంత యాతన అని అమ్మగారు అంటే ఆవిణ్ణి తప్పు పట్టలేం. కానీ ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం తేలింది. కీమో తీసుకున్నవాళ్లకి నొప్పి తగ్గింది. నన్నడిగితే నెలన్నర కంటే ఇదే పెద్ద సంగతి. గడ్డ కాస్త ముడుచుకుంటే మనిషి రాత్రి నిద్రపోతాడు, రెండు ముద్దలు తింటాడు. జబ్బు మీద గెలుపు లేకపోయినా ఆ మేరకు వైద్యం చేయించుకోవడంలో అర్థం ఉంది.

అయితే మంచం పట్టినవాళ్లని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. కాబట్టి స్కాన్ రిపోర్టు పక్కన పెట్టి నాన్నగారిని చూడండి. తన స్నానం తను చేసుకుంటున్నారా? వీధి అరుగు దాకా వచ్చి పేపరు తిరగేస్తున్నారా? లేక మెలకువగా ఉన్నంతసేపట్లో సగానికి పైగా మంచం మీదే గడుపుతున్నారా? మొదటి రెండూ చేస్తుంటే కీమో ఆలోచించదగ్గదే. మంచం మీదే ఎక్కువసేపు ఉంటుంటే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ. అప్పుడు అమ్మగారి మాటే సరైన వైద్యం.

మొదలుపెట్టేటట్టయితే రెండు సైకిళ్లకి మాత్రమే ఒప్పుకోండి. మూడు వారాలకొకటి కాబట్టి ఆరు వారాలు. నొప్పి తగ్గాలి, తిండి పెరగాలి లేదా కనీసం ఇప్పుడున్నట్టే ఉండాలి, గడ్డలు పెరగకూడదు. ఇవి జరక్కపోతే ఆపేస్తాం అని మీ డాక్టరు గారితో మొదటిరోజే అనుకోండి. మొదలయ్యాక ఆపాలంటే ఇంట్లోవాళ్లకి చేతులారా చంపుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఆ భయంతోనే మూడోది, నాలుగోది ఎక్కించుకుంటూ పోతారు. మరో మాట. కీమో తర్వాత జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇక అన్నయ్యగారి ఇమ్యునోథెరపీ. ఆయన మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కడుపు క్యాన్సర్లలో కొద్దిమందిది ‘ఎంఎస్ఐ హై’ రకం, అంటే కణాల్లో డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు దెబ్బతిన్నది. వాళ్లకి ఆ మందు నిజంగానే బాగా, ఎక్కువకాలం పనిచేయొచ్చు. మిగిలినవాళ్ల సంగతి వేరు. ఇలా మొదటి కీమో పనిచేయక రెండో మందు దాకా వచ్చిన రోగుల్లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుని మామూలు కీమోతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. అందులో కొత్త మందు ఆయుష్షు పెంచలేకపోయింది. మొదట్లో తీసిన బయాప్సీ ముక్కని ల్యాబ్‌లో బ్లాకుగా దాచి ఉంచుతారు. దాని మీదే ఎంఎస్ఐ పరీక్ష, మరో రకం మందుకి దారి చూపే హెర్2 పరీక్ష చేయించారేమో కనుక్కోండి, లేకపోతే చేయించండి. ఆ రిపోర్టు చూడకుండా పొలం బేరం పెట్టకండి. అనుకూలంగా రాకపోతే పొలం జోలికే వెళ్లొద్దు. ఆ డబ్బుతో అమ్మగారు బతకాలి.

దూరాన ఉన్న పిల్లలు విమానం దిగగానే ‘అన్నీ చేయండి’ అని పట్టుబట్టడం మన దగ్గరే ఉందనుకోకండి. డాక్టర్లు దీనికి ‘కాలిఫోర్నియా కూతురు’ అని పేరు పెట్టి 1991లో ఒక అమెరికా వైద్య పత్రికలో వ్యాసమే రాశారు. మన ఊళ్లలో డాలస్ కొడుకు అనాలేమో. అది మొండితనం కాదు, దగ్గర లేనన్న బాధ. తర్వాతిసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు అన్నయ్యగారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. నాన్నగారి నడక, తిండి తన కళ్లతో చూస్తే సగం వాదన అక్కడే తగ్గుతుంది.

కీమో వద్దనుకున్నా చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. పొట్టలో నీరు చేరి ఆయాసపడుతుంటే నీరు తీయించాలి. కడుపు దారి మూసుకుపోయి తిన్నదంతా కక్కుతుంటే ఎండోస్కోపీతో స్టెంట్ వేయొచ్చు. గడ్డ నుంచి రక్తం కారుతుంటే కొద్దిపాటి రేడియేషన్‌తో ఆపొచ్చు. వీటన్నిటికీ ‘ఇంకెందుకులెండి’ అనకూడదు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాస్తే భయపడొద్దు. సరైన మోతాదులో ఇస్తే అది మనిషిని తొందరగా తీసుకుపోదు, నొప్పి కోసం వేసుకునేవాళ్లకి వ్యసనం కావడమూ అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, కాబట్టి మొదటిరోజు నుంచే విరేచనాల మందు జోడించాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. మీకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో మీ డాక్టరు గారిని అడగండి. ఈ వైద్యం ఆఖరి రోజుల్లో చేసేదనుకోవడం పొరపాటు. బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్లకి కీమోతో పాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం కూడా ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో వాళ్లు మిగతావాళ్ల కంటే హాయిగా ఉన్నారు, బలవంతపు చికిత్సలు తక్కువ చేయించుకున్నారు, పైగా రెండు నెలలకు పైగా ఎక్కువే బతికారు.

ఇప్పుడు నాన్నగారి మాట. కీమో ఎక్కించుకుని, క్యాన్సర్ వార్డులో పక్క మంచాలవాళ్లతో కబుర్లాడిన మనిషి తనది అల్సరని నమ్ముతున్నారనుకుంటున్నారా? చాలామందికి తెలుసు. మీరు తట్టుకోలేరని తెలియనట్టు ఉంటారు. నిజం మొత్తం ఒక్కసారి ఆయన మీద కుమ్మరించమనడం లేదు. ‘నాన్నా, డాక్టరు గారు రిపోర్టుల గురించి మాట్లాడతారట. నువ్వు వింటావా, మమ్మల్నే చూసుకోమంటావా?’ అని అడగండి. మీరే చూసుకోండి అన్నారంటే అదీ ఆయన నిర్ణయమే. వింటానన్నారంటే పక్కన కూర్చుని చేయి పట్టుకోండి. ఆయనకి మనవరాలి పెళ్లి చూడాలనుందో, కీమో వాంతులు ఇక వద్దనుందో చెబితే తప్ప నేను గానీ, మీ అన్నయ్య గానీ లెక్క తేల్చలేం.

ప్రశ్న: మా అవ్వకు 87 ఏళ్లు. మొన్న బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలి, కానీ ఈ వయసులో గ్యారంటీ ఇవ్వలేమన్నారు. మా పెదనాయన ‘పోయే వయసులో కోతలెందుకు, పుత్తూరు కట్టు కట్టించి ఇంట్లోనే ఉంచుకుందాం’ అంటున్నాడు. పడే ముందురోజు దాకా తన పని తనే చేసుకునేది.
– మనవడు, మదనపల్లె

జవాబు: ఆపరేషన్ చేయించండి, అదీ త్వరగా. సాధ్యమైతే పడిన 48 గంటల్లోపు. ఇప్పటికే దాటిపోయి ఉంటే ఈ పత్రిక పక్కన పడేసి బయల్దేరండి.

ఇక్కడ కూడా గెలుపు లెక్కలు చూసుకుంటే నిరుత్సాహమే. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లలో, ఆపరేషన్ అయినా సరే, ఏడాది తిరిగేసరికి నలుగురైదుగురిలో ఒకరు ఉండరు. కానీ ఆపరేషన్ చేసేది ఆయుష్షు కోసమే కాదు. విరిగిన తుంటితో ఉన్న ముసలామెకు దుప్పటి మార్చాలన్నా, ఒంటేలుకు బెడ్‌పాన్ పెట్టాలన్నా కదిలించిన ప్రతిసారీ అరుపే. కదలకపోతే వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు. కట్టు కట్టి ఇంట్లో ఉంచడం ప్రశాంతంగా ఉంటుందని మీ పెదనాయన ఊహించుకుంటున్నారు. అది చూసినవాళ్లెవరూ ప్రశాంతం అనరు.

చేతి ఎముకకి కట్టు పనిచేయొచ్చు. తుంటి మెడ దగ్గర విరిగితే పైనున్న గుండ్రటి భాగానికి రక్తమే సరిగా అందదు, కట్టుతో అతుక్కోదు. అందుకే సగం కీలు మారుస్తారు. ఇంకాస్త కింద విరిగితే రాడ్ వేస్తారు. చాలామందికి నడుముకి మత్తిచ్చి చేయొచ్చు. మర్నాడే కూర్చోబెట్టి, కుదిరితే వాకర్‌తో నిలబెడతారు. గ్యారంటీ ఇవ్వలేమన్నారంటే నిజం చెప్పారని అర్థం, చేయొద్దని కాదు.

మీ అవ్వ ఏడాదిగా మంచంలోనే ఉండి, మనుషుల్ని గుర్తుపట్టక, నేడో రేపో అన్నట్టుంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు నరానికి మత్తిచ్చి నొప్పి లేకుండా చూసుకుంటే చాలనేవాణ్ణి. నిన్నటిదాకా తన పని తాను చేసుకున్న మనిషికి ఆ మాట వర్తించదు. వయసు చూసి ముందే చేతులెత్తేయడం మన ఇళ్లలో మామూలైపోయింది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, 72 ఏండ్లు. సీఓపీడీ. ఇంట్ల ఆక్సిజన్ మిషన్ ఉంది. పోయినేడు వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులున్న. మల్ల ఆ గొట్టం నాకొద్దు. పిల్లలు వింటలేరు. కాగితం రాసిస్తే చెల్లుతదా?
– వరంగల్

జవాబు: చెల్లుతుంది మాస్టారూ. ఏ చికిత్స వద్దో ఇలా ముందే రాసిపెట్టుకునే హక్కుని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్న నిబంధన వల్ల రాయడం చాలా కష్టమైంది. 2023 జనవరిలో దాన్ని సులభం చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. మీరు చెప్పలేని స్థితిలో మీ తరఫున మాట్లాడే మనుషుల పేర్లు అందులో రాయాలి. అవసరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డులు రెండు దాన్ని పరిశీలిస్తాయి. మీకు స్పృహ ఉండి, నోటితో మీరే వద్దని చెప్పగలిగితే ఏ కాగితమూ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం వేరు చేసి రాయండి. గొట్టం వద్దనడం వేరు, మాస్కు వద్దనడం వేరు. ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే ఈ సీఓపీడీ ముదిరి ఆయాసం ఎక్కువైనప్పుడు ముఖానికి బిగించే బైపాప్ మాస్కు ప్రాణాలు నిలబెడుతుంది, చాలామందికి గొట్టం అవసరమే రాకుండా చేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో కోలుకుని ఇంటికొచ్చేవాళ్లూ ఉన్నారు. మీరున్న స్థితిలో ఆ ప్రయత్నం వదులుకోవద్దని నా సలహా. అందుకే ‘బైపాప్ పెట్టండి, యాంటీబయాటిక్స్ ఇవ్వండి, గొట్టం మాత్రం వేయొద్దు’ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విడమరిచి రాయండి. ఉత్త ‘ఏ మిషన్లూ వద్దు’ అని రాస్తే, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాస్కు కూడా పెట్టకుండా ఊరుకోవచ్చు. పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం మీరే చదివి వినిపించండి. ఒక కాపీ మీ ఆక్సిజన్ మిషన్ పక్కనే, అంబులెన్స్ వాళ్ల కంటపడేలా పెట్టండి.