ఆపరేషను తరువాత అత్యవసర విభాగమునకు వెళ్లునప్పుడు రోగికి గల హక్కులు



ఆపరేషను ముగిసి ఇంటికి వచ్చిన రోగికి కొన్ని దినములలోనే మరల ప్రమాదము కలుగవచ్చును. 38 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన జ్వరము, కుట్లయొద్ద చీము, ఆగని రక్తము, పొట్ట ఉబ్బి వాంతులగుట, మూత్రము రాకపోవుట, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టుట, అకస్మాత్తుగా ఊపిరి అందకపోవుట - వీటిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. పిక్కలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరినయెడల ప్రాణాపాయమే. ఆపరేషను జరిగిన 30 దినములలో, లోపల ప్లేటు లేక కృత్రిమ కీలు అమర్చినయెడల 90 దినములలో గాయమునకు చీము పట్టినను అది ఆపరేషనువలన వచ్చినదని వైద్యులు ఎంచుదురు. గనుక కుట్లు విప్పిరి, ఇక భయము లేదని అనుకొనుట సరికాదు.

మనవారిలో అనేకులు స్వజిల్లాలో, బంధువుల తోడు ఉండునని, ఆపరేషను చేయించుకొని షోలాపూరుకో బళ్లారికో తిరిగి వత్తురు. తరువాత అర్ధరాత్రి నొప్పి వచ్చి దగ్గరి ఆసుపత్రికి పోయినప్పుడు వినబడు మాట ఒకటున్నది: "ఎక్కడ చేయించుకొన్నారో అక్కడికే పొండి." ఆ ఆసుపత్రి వేరొక రాష్ట్రములో ఉండును!

ఈ మాటను న్యాయస్థానము ఒప్పుకొనలేదు. ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ప్రాణము కాపాడుట వారి విధి అని సుప్రీం కోర్టు 1989లో పర్మానంద్ కటారా కేసులో తీర్పు చెప్పినది. 1992లో రైలునుండి పడి తలకు దెబ్బతగిలిన ఒక కూలీని కలకత్తా ప్రాంతమున ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి పడకలు లేవని త్రిప్పి పంపినవి. 1996లో అదే కోర్టు, ఇది రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కునకు భంగమని తీర్మానించి, 25,000 రూపాయల పరిహారము ఇప్పించినది. యానాముతోకూడ పుదుచ్చేరికి వర్తించు 2010 నాటి కేంద్ర చట్టము, అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని తమకున్న సిబ్బంది, వసతులమేరకు నిలకడ స్థితికి తేవలెనని ప్రైవేటు ఆసుపత్రులకుకూడ విధించుచున్నది. కర్ణాటకకును మహారాష్ట్రకును వాటి సొంత చట్టములున్నవి.

అయితే ఒక సంగతి స్పష్టముగా గ్రహించవలెను. చట్టము కోరునది ప్రాణము నిలుపు చికిత్స. పూర్తి చికిత్స కాదు, ఉచిత చికిత్సయు కాదు. బిల్లు తరువాత వచ్చును. ముందుగా సొమ్ము కట్టనిదే ముట్టము అనుటయే తప్పు. రోగిని వేరొక చోటికి పంపవలసివచ్చినయెడల ఏమి చికిత్స చేసిరో వ్రాసి ఇమ్మని అడుగవలెను.

కాగితముల విషయము మనము మిక్కిలి అశ్రద్ధ చేయుదుము. డిశ్చార్జి సమ్మరీ లేకుండ రెండవ వైద్యుడు చీకటిలో తడవులాడినట్లే: లోపల ఏమి కోసిరి, ఏ మందులు ఇచ్చిరి, రక్తము పలుచనగు మాత్ర వేసికొనుచున్నారా అని అతనికి తెలియదు. దాని నకలు ఇంటిలో ఒకటి, రోగి సంచిలో ఒకటి ఉంచుడి. రికార్డులు అడిగినయెడల 72 గంటలలో ఇవ్వవలెనని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లోనే చెప్పినది.

మరల ఆపరేషను చేయవలెనన్నప్పుడు మరల సమ్మతి కావలెను. ఒక పనికి ఇచ్చిన సమ్మతి మరియొక పనికి చెల్లదని సుప్రీం కోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చినది. ఆలస్యమైతే ప్రాణము పోవునన్న సందర్భము మాత్రము దీనికి మినహాయింపు. సమ్మతి పత్రము కన్నడములోనో మరాఠీలోనో ఉండును, మన పెద్దవారు తలయూపి వ్రేలిముద్ర వేయుదురు. తనకు తెలిసిన భాషలో వివరము వినుట రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రములో ఉన్నది. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించునప్పుడు వేరొక స్త్రీ దగ్గర ఉండవలెననియు, బిల్లు బాకీకై రోగినిగాని మృతదేహమునుగాని పట్టి ఉంచరాదనియు అందులోనే ఉన్నది. ఈ పత్రమునకు స్వయముగా చట్టబలము లేదు. అయినను కేంద్ర ప్రభుత్వము 2019లో దీనిని రాష్ట్రములకు పంపినది గనుక ఆసుపత్రి అధికారియొద్ద ఎత్తి చూపవచ్చును. సంఘములో ఆ భాష బాగుగా వచ్చిన పెద్దవారొకరు వెంట పోవుట మంచిది. ఈ భారము చదువుకొను పిల్లలమీద వేయరాదని మా అభిప్రాయము.

అన్యాయము జరిగినదని తోచినయెడల ముందు ఆసుపత్రి అధికారికి వ్రాతపూర్వకముగా తెలిపి, నకలు ఉంచుకొనవలెను. సొమ్ము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో తేలినది. అందరికిని పూర్తిగా ఉచితముగా చేయు ప్రభుత్వ వైద్యము దానిలోనికి రాదు. రోగము ముదిరినంతమాత్రమున వైద్యుని నిర్లక్ష్యమని కోర్టు నమ్మదు, ఆధారము చూపవలెను. 2019 నాటి చట్టము ప్రకారము ఆపరేషను ఏ ఊరిలో జరిగినను, మనము నివసించు జిల్లా కమిషనులోనే రెండు సంవత్సరములలోపు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటనియెడల రుసుము లేదు.