కలుపుమొక్కల ఎండుగడ్డి – మేకల మేత

మన హోసూరు ప్రాంతమున రాగి, ఉలవ, వేరుసెనగ పండించు చిన్న రైతులలో పెక్కురు ఇంట రెండు మూడు మేకలను పెంచుదురు. పిల్లల చదువు ఖర్చునకును, జబ్బు చేసినపుడు మందునకును, పండుగ బట్టలకును ఆ మేకలే ఆధారము. వానకాలమున వానికి మేత లోటుండదు. భాద్రపద, ఆశ్వయుజ మాసములలో చేను, గట్టు, పెరడు అంతయు పచ్చగా నుండును. ఫాల్గుణము దాటి ఎండలు ముదిరిన పిదప గట్టుమీది గరిక సైతము మాడిపోవును. మేక చిక్కిపోవును; చిక్కిన మేకకు సంతలో మంచి ధర రాదు. వానకాలమున మనము పెరికి పారవేయు కలుపునే ఎండబెట్టి దాచినచో ఈ కష్టము చాల వఱకు తీరును. అది ఎట్లు చేయవలెనో, అందలి అపాయములెవ్వియో తెలిసికొందము.

మేక కడుపు

మేక నెమరువేయు జంతువు. దాని కడుపున నాలుగు అఱలు గలవు. అందు పెద్దదైన మొదటి అఱలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించుచు, మనకు అరుగని పీచును పులియజేసి మేకకు ఆహారముగా మార్చును. క్రొత్త మేత వీనికి అలవాటగుటకు కొన్ని దినములు పట్టును. కావున ఎండుగడ్డిని పిడికెడుతో మొదలిడి, వారము పది దినములలో క్రమముగా పెంచవలెను. ఒక్కమారుగా మేత మార్చినచో కడుపుబ్బరమో, పారుడో కలుగును.

మంచి కలుపు, చెడ్డ కలుపు

గరిక, గలిజేరు, ముదరని తుంగ, చేలలో మొలచు తోటకూర జాతులు మేకలు ఇష్టముగా తినును. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళకు మించవు. పూత దశలో కోసిన ఆకు కలుపులో అంతకు రెండింతలకు పైగా నుండును. పూత ముగిసి గింజ కట్టిన పిదప కాడ కట్టెవలె గట్టిపడి సారము తగ్గును. మఱియు గింజలలో కొన్ని మేక కడుపున అరుగక, ఎరువుతోపాటు మరల చేను చేరి మొలచును. ఈ రెండు కారణములచే పూత దశలోనే కోయుట మేలు.

కొన్ని మొక్కలు విషములు. గన్నేరు, ఉమ్మెత్త, పులికంప, ఆముదపు గింజలు గడ్డిలో కలియరాదు. పులికంప తిన్న పశువునకు కాలేయము చెడును. ఎండ తగిలినచోట చర్మము పుండ్లు పడును. వయ్యారిభామ అను మొక్క అమెరికా ఖండమునుండి వచ్చి, 1950 దశకము నడుమ పూనా వద్ద కనబడి, నేడు దేశమంతట వ్యాపించినది. దానిని ముట్టిన పెక్కుమందికి చర్మమున దురద పుట్టును; తిన్న పశువుల పాలు చేదగును. పల్లేరుకాయల ముండ్లు పశువుల నోటిని గాయపఱచును.

ఇచట ఒక ముఖ్య విషయము గమనింపుడు. ఎండబెట్టినంత మాత్రమున విషములన్నియు పోవు. వానలు లేక వాడిన లేత జొన్నపైరులోని విషము బాగుగా ఎండిన కొలది చాల వఱకు తగ్గును. గన్నేరు, పులికంప విషములు ఎండినను నిలుచును. పచ్చి మొక్కను వాసన చూచి విడుచు మేక, ఎండుగడ్డిలో కలిసిన దానిని గుర్తింపజాలక తినవచ్చును. అందుచే ఏఱివేయు పని కోతనాడే జరుగవలెను. ఎరువు మిక్కిలిగా వేసిన నేలలోని తోటకూరలో నైట్రేటు అను లవణము చేరును; అదియు ఎండినను పోదు. కనుక తోటకూరను ఇతర గడ్డితో కలిపి కొద్దిగానే పెట్టవలెను. కలుపుమందు, పురుగుమందు చల్లిన చేలలో గడ్డి కోయనే రాదు.

ఎండబెట్టు విధము

రెండు మూడు దినములు వాన రాదని తోచినపుడు, ఉదయపు మంచు ఆరిన పిదప కోయవలెను. కోసినదానిని కళ్ళమున పలుచగా పఱచి, దినమునకు రెండు మూడు మారులు తిరుగవేయవలెను. పైభాగము వాడిన పిదప నీడకు మార్చినచో ఆకు రాలక, పచ్చదనము నిలుచును. పచ్చదనమున్న గడ్డిలో ఎ విటమినుకు మూలమగు పదార్థము మిగిలియుండును. గుప్పెడు గడ్డిని మెలిపెట్టినపుడు కాడ విఱిగినచో ఎండినట్లు. విఱుగక వంగినచో ఇంకను తడి గలదు.

తడి గడ్డిని వామి వేసినచో లోపల వేడి పుట్టి బూజు పట్టును; ఒక్కొకమారు నిప్పును పుట్టును. బూజు గడ్డి చూలి మేకలకు మఱింత కీడు. ఎండిన గడ్డిని నేలకు తగులకుండ అటకమీదనో, కఱ్ఱల మంచెమీదనో దాచవలెను.

ఒక లెక్క

పచ్చిగడ్డిలో నూటికి 80 పాళ్ళు నీరే. దాచదగిన ఎండుగడ్డిలో 15 పాళ్ళకు మించరాదు. కావున 100 కిలోల పచ్చిగడ్డి ఎండిన పిదప సుమారు 23 కిలోలగును. 25 కిలోల మేకకు దినమునకు ముక్కాలు కిలో ఎండు మేత వలయును. సగము మేత బయట ఆకు అలములతో గడచునని తలచినను, ఇంట దాదాపు 400 గ్రాములు పెట్టవలెను. రెండు మేకలకు 60 దినములకు 48 కిలోలు. దానికి సుమారు 200 కిలోల పచ్చి కలుపు కావలెను. దినమునకు 5 కిలోల చొప్పున 40 దినములు కోసినచో చాలును. బడినుండి వచ్చిన పిల్లలు ఇద్దరు ఈ పనిని సులభముగా చేయగలరు.

పెట్టు విధము

నేలపై వేసి త్రొక్కిన గడ్డిని మేక ముట్టదు. కావున కట్టగా కట్టి దాని మెడ ఎత్తున వ్రేలాడదీయవలెను. ఎండుమేత తిను జీవికి నీరు ఎక్కువ కావలెను. చూలి మేకలకును, పాలిచ్చు మేకలకును ఎండుగడ్డి ఒక్కటే చాలదు. ఉడికించిన ఉలవలో, వేరుసెనగ చెక్కయో కొంచెము చేర్చవలెను. గింజలు మితిమీరినచో చిటుకు రోగము రావచ్చును. గొఱ్ఱెలకును ఇదే పద్ధతి. కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలుటచేతనే అవి అరుగును. కట్టక్రింద రాలిన గింజలను, ఆకుపొడిని కోళ్ళు ఏఱుకొనును. మిగిలిన కాడలు పేడగుంటకు చేరి ఎరువగును.

రెండు పేర్లు నేర్వుడు

మేకకు జబ్బు చేసినపుడు పశువైద్యుడు మొదట అడుగు ప్రశ్న, "ఏమి తిన్నది?" అని. మనకు మొక్కపేరు తెలుగున తెలియును. వైద్యునకు అరవమున తెలిసియుండవచ్చును. గన్నేరును వారు అరళి అందురు. ఉమ్మెత్తను ఊమత్తై, పులికంపను ఉన్నిచ్చెడి, పల్లేరును నెరుంజి, గరికను అరుగంపుల్, తుంగను కోరై అందురు. రెండవ పేరు తెలిసినచో సకాలమున మందు దొరకును. తెలుగు పేరు మఱచినచో అమ్మమ్మ చెప్పిన మంచి చెడ్డలు మనకందవు. కనుక రెండును కావలెను. తల్లిదండ్రులు పిల్లలను గట్టుమీదికి తీసికొనిపోయి మొక్కలను పేర్లతో చూపవలెనని కోరుచున్నాము.

అభ్యాసము

1. కలుపును పూత దశలోనే కోయుటకు గల రెండు కారణములు వ్రాయుడు.
2. మీ యింట మేకలెన్ని? 60 దినములకు ఎంత పచ్చి కలుపు కోయవలెనో లెక్క కట్టుడు.
3. మీ చేనిగట్టున మొలచు పది మొక్కల పేర్లు పెద్దల నడిగి, తెలుగునను అరవమునను వ్రాసి, మేత యేదో విషమేదో గుర్తింపుడు. తెలియని మొక్కను నోట పెట్టకుడు.
4. పొడి సీసాలో పొడి ఉప్పును, తునకలు చేసిన ఎండుగడ్డిని వేసి, మూతపెట్టి కొంతసేపు కుదుపుడు. ఉప్పు ముద్దకట్టినచో ఏమి తెలియును?