'కాదు' ఎక్కడ దాగింది?

విద్యార్థులారా! 'చదువుతాను'కు వ్యతిరేకం 'చదవను'. విడిగా 'కాదు' చేర్చనక్కరలేదు గదా! తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలోనూ అంతే: 'నినసోమ' అంటే చదువుతున్నాను, 'సిసోమి' అంటే చదవను.

అదే బంటూ కుటుంబానికి చెందిన కాంగో భాషది మరో దారి. 'న్‌జోలెలె' అంటే నాకు కావాలి. 'కె న్‌జోలెలె కొ' అంటే నాకు వద్దు. ఒక్క 'వద్దు'కు రెండు ముక్కలెందుకు? వాడగా వాడగా ముందుమాట పలుకులో తేలిపోతుంది. వినేవాడు పొరబడకుండా వెనక మరొకటి తోడవుతుంది. చివరకు తోడు వచ్చినదే పెత్తనం చేస్తుంది! ఫ్రెంచిలో 'అడుగు' అనే అర్థంగల 'పా' ఇలాగే నిషేధార్థకమయింది. ఈ క్రమాన్ని డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1917లో వివరించాడు.

కాంగో నదీతీరపు లింగాలాలో వెనకమాట ఒక్కటే ఉంది. 'నయేబి' అంటే తెలుసు, 'నయేబి తె' అంటే తెలియదు. ఆ 'తె' వినపడకపోతే అర్థం తలకిందులే!