సంగటి మానిన యింట

ప్రశ్న: రాగిసంగటి మాని మూడేండ్లుగా సన్నబియ్యపు అన్నమే తినుచున్నాము. పదునాలుగేండ్ల మా అమ్మాయి కడుపునిండ తినియు మెట్లెక్కిన ఆయాసపడుచున్నది. లోపమెక్కడ? — ఒక తల్లి, పలమనేరు

జవాబు: అమ్మా, అన్నములోని పిండిపదార్థము శక్తినిచ్చునే కాని, కండను కట్టు మాంసకృత్తులును, నెత్తురునకు వలయు ఇనుమును, ఎముకలకు వలయు సున్నమును (కాల్షియమును) మరపట్టి తెల్లజేసిన బియ్యమున స్వల్పములు. నూఱు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నముండగా, అంత బియ్యమున పదింటికి అటునిటుగానే యుండును. ఈ యీడు బాలికలకు నెలనెలా నెత్తురు పోవుటచే ఇనుము కొఱత తఱచు. ఆయాసమునకు అదియే కారణమై యుండవచ్చును.

రాత్రిపూట సంగటిని మరల పెట్టుడు; దానికి ఉలవచారో, పెసల పులుసో, పిడికెడు చెనిక్కాయలో తోడుకావలయును. చెనిక్కాయ పప్పులో నాలుగవవంతు మాంసకృత్తులే. మన మెట్టచేలు వాని నిచ్చుచుండగా అంగడి బిస్కత్తులకై పరుగెత్తుట నాకు వింతగా దోచును. ఆకుకూరపై నిమ్మరసము పిండిన ఇనుము చక్కగా ఒంటబట్టును. భోజనము వెంటనే కాఫీ త్రాగిన ఆ మేలు చెడును.

ముందుగా హీమోగ్లోబిన్ పరీక్ష చేయింపుడు. అది 12 గ్రాములకు తగ్గిన ఆహారమొక్కటియే చాలకపోవచ్చును, వైద్యుడు చెప్పిన మాత్రలు వలయును. గుండెదడ, కాళ్లవాపు, అధిక ఋతుస్రావము కనబడిన జాగుసేయక దగ్గఱి ప్రభుత్వాసుపత్రికో, తిరుపతి రుయా ఆసుపత్రికో తీసికొనిపోవుడు.