మంట పక్కన కెమెరా

రిగ్గులు, రిఫైనరీలు, గ్యాస్ స్టేషన్ల ఫొటోలు తీసి ముప్పయ్యేళ్లకు పైగా బతికాను. ఇప్పుడు మోకాళ్లు నిచ్చెనలు ఎక్కనివ్వడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏ లెన్సు కొనాలని అడుగుతారు. లెన్సు సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఇవి వినండి.

1. గడువు దాటిన కెమెరా అగ్గిపుల్లే.

గాలిలో మీథేన్ సుమారు 5 శాతం కలిస్తే చాలు, చిన్న రవ్వకే అంటుకుంటుంది. మామూలు కెమెరా, ఫ్లాష్ ఆ రవ్వ పుట్టించగలవు. అందుకే గ్యాస్ ఉండే చోట ఫొటోకి కూడా, వెల్డింగుకి ఇచ్చినట్టే, హాట్ వర్క్ పర్మిట్ రాస్తారు. ముందు డిటెక్టరుతో గాలి పరీక్షిస్తారు. ఒక ప్లాంటులో నాకు సాయంత్రం ఐదింటి వరకే రాసిచ్చారు. ఐదున్నరకి ఏటవాలు ఎండ పైపుల మీద పడింది. ఈ ఒక్కటీ తీసి పోదామని ఫ్లాష్ తగిలించాను. షిఫ్టు ఇన్‌చార్జి పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. అరవలేదు. "ఐదు దాటాక పక్క పంపు విప్పాం బాబూ. లైన్లో ఇంకా గ్యాస్ ఉంది. నీ పర్మిట్ మీద ఉన్న సంతకం నాది" అన్నాడు. మళ్లీ వెళ్లి క్షమించమని అడగాలనుకుంటూ ఏళ్లు గడిపాను. ఆయన రిటైరైపోయాడు.

2. ముక్కుని నమ్మకండి.

మీథేన్‌కి వాసన లేదు. వంటింటి సిలిండరు దగ్గర మనకు తెలిసే వాసన కూడా గ్యాసుది కాదు, లీకు పసిగట్టడానికి కలిపిన మెర్కాప్టాన్‌ది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి. మొదట కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాకే స్టాండు దించండి.

3. ఇనుప జాలీ మీద ఏదీ నిలకడగా ఉండదు.

కంప్రెసరు నడుస్తుంటే కాలికి తెలియని అదురు ట్రైపాడ్‌కి తెలుస్తుంది. రీలు రోజుల్లో, చీకటి పడే వేళ తీసిన పన్నెండు ఫ్రేములూ ల్యాబ్ నుంచి అలుక్కుపోయి వచ్చాయి. నేల మీద కాంక్రీటు వెతుక్కోండి.

4. మంట తనంతట తానే కనబడుతుంది, మనిషిని వెతకాలి.

1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడిలో గ్యాస్ బావి పేలి అంటుకుంది. 65 రోజుల పాటు మండింది. వార్త విని నేనూ వెళ్లాను. రాత్రి ఆకాశం ఎర్రగా ఉంది, పక్కవాడి మాట వినబడనంత హోరు. మూడు రీళ్లు తీశాను. మూడింటిలోనూ మంటే. ఇంత ఎత్తు మంట జన్మలో మళ్లీ దొరకదని మురిసిపోయాను కూడా. తిరిగి వస్తుంటే దారి పక్కన ఇల్లు వదిలి వచ్చిన జనం మూటల మీద కూర్చుని ఉన్నారు. ఒక ముసలావిడ నా మెడలో కెమెరా చూసి, "మా ఇల్లు తీశావా నాయనా? కొబ్బరితోట పక్కన, పెంకుటిల్లు" అంది. తీశానన్నాను. నెగటివ్‌లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఎన్నిసార్లు వెలుతురుకి పెట్టి చూసినా ఆ ఇల్లు కనబడదు.