డెస్క్ కింద ఎలిప్టికల్: కొనే ముందు టేపు పెట్టి కొలవండి, కొన్నాక ఇలా వాడండి

ఆఫీసుకి వెళ్లే రోజుల్లో పార్కింగ్ నుంచి లిఫ్ట్ దాకా, సీటు నుంచి క్యాంటీన్ దాకా ఎంతో కొంత నడక ఉండేది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మంచం నుంచి కుర్చీకి పది అడుగులు, అంతే! అమెరికా క్లయింట్‌తో కాల్స్ ఉంటే రాత్రి పదింటి దాకా అదే కుర్చీ. లేచేసరికి పాదాలు బరువెక్కి, నడుం పట్టేసి ఉంటుంది.

దీనికి పరిష్కారమంటూ ఆన్‌లైన్‌లో కనిపించే గ్యాడ్జెట్ అండర్ డెస్క్ ఎలిప్టికల్. కూర్చున్నచోటే కాళ్లతో తొక్కే చిన్న మెషీన్ ఇది. వేలు పోసి కొని, నెల తిరక్కుండానే మంచం కిందకి నెట్టేసేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు. డెస్క్ ఎత్తు సరిపోదు, కుర్చీ జారిపోతుంది, లేదా బరువు తగ్గుతామని పెట్టుకున్న ఆశ నెరవేరదు. ఈ మూడింటి సంగతీ ముందే తెలుసుకుంటే డబ్బు వృథా కాదు.

ఇది ఎలా పనిచేస్తుంది?

మామూలు పెడల్ మెషీన్‌లో పాదం సైకిల్‌లాగా గుండ్రంగా తిరుగుతుంది. అందుకే మోకాలు బాగా పైకి లేస్తుంది. ఎలిప్టికల్‌లో పాదం పడుకోబెట్టిన కోడిగుడ్డు ఆకారంలో కదులుతుంది. ముందుకీ వెనక్కీ ఎక్కువ, పైకీ కిందకీ తక్కువ. డెస్క్ కింద పెట్టుకోవడానికి ఇది అనువుగా ఉండేది ఇందుకే.

లోపల ఒక ఫ్లైవీల్ ఉంటుంది. మంచి మోడల్స్‌లో దాని పక్కన అయస్కాంతాలు ఉంటాయి. డయల్ తిప్పితే అవి చక్రానికి దగ్గరవుతాయి, తొక్కడం బరువవుతుంది. ఏదీ దేనికీ రాసుకోదు కాబట్టి చప్పుడు తక్కువ. మోటార్ ఉన్న మోడల్స్ కూడా వస్తున్నాయి. వాటిలో పెడల్స్ వాటంతటవే తిరుగుతాయి. కాళ్లలో బలం తక్కువగా ఉన్న పెద్దవాళ్లకి అవి సౌకర్యం. కానీ పని మోటార్ చేసినంతసేపూ మన కండరాలు చేసేది తక్కువే అని గుర్తుంచుకోండి.

కూర్చుంటే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకి పాత, ప్రసిద్ధమైన ఆధారం లండన్ బస్సుల్లో దొరికింది. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ బృందం 1953లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లకన్నా, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. కూర్చునే సమయం తగ్గించుకోవాలనీ, ఆ స్థానంలో తేలికపాటి కదలికైనా మేలేననీ అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన మెషీన్ ప్రధానంగా పనికొచ్చేది ఈ రెండో దానికి. పిక్కల కండరాలు కదిలితే కాళ్లలోని రక్తం పైకి వెళ్లడం సులువవుతుంది. భోజనం తర్వాత కాళ్లు ఆడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరని వాడుకుంటాయి.

డిస్‌ప్లేలో క్యాలరీలు నమ్మొచ్చా?

చాలా మెషీన్లకి మీ బరువు తెలియదు. అలాంటప్పుడు అది చూపించే క్యాలరీ ఒక అంచనా మాత్రమే. లెక్క మనమే వేసుకుందాం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి సుమారు 1.3 మెట్. అంటే కిలో బరువుకి గంటకి 1.3 క్యాలరీలు. తేలిగ్గా తొక్కితే అది 2 మెట్ అయిందనుకుందాం. 70 కిలోల మనిషికి కూర్చుంటే గంటకి 91, తొక్కితే 140. తేడా 49 క్యాలరీలు. గంటసేపు తొక్కితే దాదాపు ఒక ఇడ్లీ కరిగినట్టు!

కాబట్టి బరువు తగ్గడానికే అయితే ఇది కొనకండి. కదలకుండా గడిచే గంటల్ని ముక్కలు చేయడానికైతే కొనండి.

కొనే ముందు మూడు కొలతలు

1. నేల నుంచి డెస్క్ అడుగు భాగం దాకా టేపుతో కొలవండి. మామూలు డెస్క్ పైభాగం సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. కింద కీబోర్డ్ ట్రే ఉంటే అసలు ఖాళీ బాగా తగ్గిపోతుంది.
2. మెషీన్ స్పెసిఫికేషన్లలో పెడల్ ఎంత ఎత్తుకి లేస్తుందో చూడండి. అంత ఎత్తు పుస్తకాలు పేర్చి, వాటి మీద పాదం పెట్టి మీ కుర్చీలో కూర్చోండి. మోకాలు డెస్క్‌కి తగులుతోందా? అయితే ఆ మోడల్ మీకు కాదు.
3. కుర్చీ దించితే సరిపోతుందిలే అనుకోకండి. కుర్చీ దిగితే భుజాలు పైకి లేపి టైప్ చేయాలి. రెండు రోజుల్లో మెడ నొప్పి మొదలవుతుంది.

కుర్చీ జారకుండా

చక్రాల కుర్చీలో కూర్చుని ముందుకి తొక్కితే కుర్చీ వెనక్కి పోతుంది. టైల్స్ నేల మీద మరీ ఎక్కువ. చక్రాల కింద పెట్టే రబ్బరు కప్పులు దొరుకుతాయి. కొన్ని మెషీన్లతో కుర్చీకి కట్టే పట్టీ కూడా ఇస్తారు. ఏదీ లేకపోతే చక్రాల్లేని డైనింగ్ కుర్చీ వాడినా చాలు. మెషీన్ కింద పాత యోగా మ్యాట్ పరిస్తే అదీ జారదు, కింద ఫ్లాట్ వాళ్లకి శబ్దమూ వెళ్లదు.

కాలు ముందుకి చాపినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేంత దూరంలో మెషీన్ పెట్టండి. వీపు కుర్చీకి ఆనించే ఉంచండి.

ఏ పనిలో తొక్కాలి? ఎంతసేపు?

వినడం ఎక్కువ, మాట్లాడడం తక్కువ ఉండే కాల్స్‌లో, మెయిల్స్ చదివేటప్పుడు, ట్రైనింగ్ వీడియోలు చూసేటప్పుడు తొక్కండి. మౌస్‌తో సూక్ష్మంగా చేసే పని, క్లిష్టమైన కోడింగ్ ఉన్నప్పుడు ఆపేయండి. రెండూ చెడతాయి.

మొదటి వారం అతి తక్కువ రెసిస్టెన్స్‌లో రోజుకి రెండుసార్లు 10 నిమిషాలు చాలు. ముందు సమయం పెంచండి, తర్వాతే రెసిస్టెన్స్. భోజనమయ్యాక వచ్చే మొదటి కాల్‌ని తొక్కే కాల్‌గా పెట్టుకుంటే అలవాటు త్వరగా కుదురుతుంది. తొక్కుతూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ వ్యాయామం. పాట కూడా హాయిగా వస్తోందంటే తేలికపాటి కదలికే. అదీ మంచిదే, కానీ వారం 150 నిమిషాల లెక్కలో వేసుకోకండి.

స్మార్ట్‌వాచ్ ఎందుకు లెక్కపెట్టదు?

వాచీ మణికట్టు ఊపుని బట్టి అడుగులు లెక్కిస్తుంది. మన చేతులేమో కీబోర్డ్ మీద కదలకుండా ఉంటాయి. అందుకే అరగంట తొక్కినా అడుగులు సున్నా దగ్గరే కనిపించవచ్చు. వాచీలో ఎలిప్టికల్ లేదా ఇండోర్ వర్కౌట్ మోడ్ ఆన్ చేస్తే హార్ట్ రేట్, సమయం రికార్డవుతాయి. రోజూ చూసుకోవడానికి నిమిషాల లెక్క చాలు.

వీళ్లు డాక్టర్‌ని అడగాలి

మోకాలు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందుగా డాక్టర్‌తో మాట్లాడండి. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే మెషీన్ తొక్కుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చివరిగా

ఇది నడకకి బదులు కాదు. కూర్చుని తొక్కితే శరీరం బరువు కాళ్ల మీద పడదు. ఎముకలకీ, నడుముకీ, కళ్లకీ కావలసింది కుర్చీలోంచి లేవడమే. అరగంటకోసారి లేచి మంచినీళ్లు తెచ్చుకోండి. లేవడం కుదరని కాల్స్‌లో పెడల్ మీద కాలు పెట్టండి. ఈ పద్ధతి మీకు కుదురుతుందనిపిస్తే, ఆర్డర్ పెట్టే ముందు ఆ పుస్తకాల పరీక్ష ఈరోజే చేసి చూడండి. దానికి రూపాయి ఖర్చు లేదు.