గుత్తి నీలి సాలీడు: ఒక్క అడవి చేతిలో ఉన్న అమానత్



ప్రతి ఏటా ఈ సంచికలో పిల్లల చదువుల గురించో, వైద్య సహాయం గురించో, కుట్టుమిషన్లు అందుకున్న కుటుంబాల గురించో రాస్తూ ఉంటాం. ఈసారి ఒక సాలీడు గురించి రాస్తున్నాం. మన సంఘానికీ సాలీడుకూ ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివి మీరే నిర్ణయించండి.

ఈ ఆలోచన మాకు ఉదయగిరిలో కలిగింది. చెక్క చెంచాలు చేసే ఒక ఇంట్లో కూర్చున్నాం. ఆ ఇంటి పెద్దావిడ చిన్న మొద్దును చీలుస్తుంటే తొర్రలోంచి నల్లటి సాలీడు ఒకటి బయటికి వచ్చింది. ఆవిడ కత్తి పక్కన పెట్టి, దాన్ని చీపురు పుల్లతో మెల్లగా గుమ్మం దాటించింది. "చంపలేదేం ఖాలా?" అని అడిగాం. "మక్డీని చంపకూడదు బాబూ, మా నానీ చెప్పేది. గుహ దగ్గర గూడు కట్టింది కదా" అంది.

ఆవిడ చెప్పింది సౌర్ గుహ కథ. ప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు వలస వెళ్తూ ఆ గుహలో ఆగినప్పుడు, గుహ ద్వారానికి సాలీడు గూడు అల్లిందనే కథనం మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఖుర్ఆన్‌లో 29వ సూరాకు సాలీడు పేరే ఉంది, సూరా అన్కబూత్. అంటే సాలీడు మనకు కొత్త కాదు. అయితే మన రాష్ట్రంలోనే, ప్రపంచంలో మరెక్కడా లేని ఒక సాలీడు ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

గుత్తిలో దొరికింది, కానీ గుత్తిది కాదు

1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఒక కొత్త సాలీడును వర్ణించి, దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. ఆయన చేతికి వచ్చింది ఒకే ఒక్క నమూనా. అది దొరికిన చోటు అనంతపురం ప్రాంతంలోని గుత్తి. అందుకే లోకమంతా దాన్ని గుత్తి సాలీడు అంటుంది. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు పట్టీలు. కాళ్లు చాపితే పెద్దవాళ్ల అరచెయ్యంత ఉంటుంది.

ఆ తరువాత నూరేళ్లకు పైగా దాన్ని ఏ శాస్త్రవేత్తా అడవిలో చూడలేదు. గుత్తి చుట్టుపక్కల వెతికినా కనిపించలేదు. 2001లో అది మళ్లీ కంటపడింది. గుత్తిలో కాదు. అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో. మరి గుత్తికి ఎలా వెళ్లింది? గుత్తి పెద్ద రైల్వే జంక్షన్. అక్కడ కలప నిలవచేసే యార్డు ఉండేది. కొండల్లో కొట్టిన మొద్దుల్లో దాక్కుని, రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుదాం. ఆ ఊహ నిజమైతే, ఈ సాలీడు లోకానికి మొదటిసారి కనబడిందే తన ఇల్లు కూలిపోయాక. దాని పేరులో ఉన్నది పుట్టిన ఊరు కాదు, కలప దిగిన ఊరు.

చెట్టు తొర్రే దాని గుహ

ఈ సాలీడు నేల మీద కన్నం తవ్వుకోదు. పెద్ద చెట్ల తొర్రల్లో, బెరడు పగుళ్లలో పట్టు అల్లుకుని ఉంటుంది. పగలంతా లోపలే, రాత్రి అయితే గుమ్మం దగ్గరికి వచ్చి కాపు కాస్తుంది. చిమ్మటలు, బొద్దింకలు, మిడతలు దాని ఆహారం. మనిషి అలికిడి వినగానే లోపలికి పారిపోతుంది. కరిస్తే నొప్పి బాగానే ఉంటుంది గానీ, దాని కాటుకు మనిషి చనిపోయినట్టు దాఖలా లేదు.

మగది మూడు నాలుగేళ్లకు మించి బతకదు. ఆడది పది పన్నెండేళ్లు బతుకుతుంది. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది. దోమకో ఈగకో పోయిన సంఖ్య త్వరగానే తిరిగి వస్తుంది. దీనికి అలా కాదు. ఒక ఆడ సాలీడును పట్టుకుపోతే ఆ చెట్టు మీద కొన్నేళ్ల సంతానం పోయినట్టే.

ఇంకో మాట. ఆ నీలం రంగు పూసినది కాదు, అందులో నీలి రంగు పదార్థమే లేదు. వెంట్రుకల మీద కంటికి కనబడనంత సన్నని పొరలు ఉంటాయి. వెలుగు వాటి మీద పడి చెదిరినప్పుడు మన కంటికి నీలం తోస్తుంది. నెమలి మెడ రంగు కూడా ఇలాంటిదే. వెలిసిపోని రంగులు తయారు చేసే మార్గం దొరుకుతుందేమోనని శాస్త్రవేత్తలు ఈ సాలీళ్ల నీలాన్ని పరీక్షిస్తున్నారు.

ఒకే చోట ఉండడంలో ప్రమాదం

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో ఈ సాలీడును 'తీవ్రంగా అంతరించిపోతున్న' జాబితాలో చేర్చింది. అంతరించిపోవడానికి ముందుండే ఆఖరి మెట్లలో అది ఒకటి. దానికి తెలిసిన నివాసం 100 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ. అంటే పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు కూడా లేని చోటు. ఆ కాస్త అడవి కూడా ముక్కలు ముక్కలుగా ఉంది.

ముప్పు రెండు వైపుల నుంచి వస్తోంది. మొదటిది కట్టెలకు, కలపకు చెట్లు కొట్టడం. తొర్ర ఉన్న చెట్టు ముసలి చెట్టు. కలపకు పనికిరాదు, కాబట్టి ముందు దాన్నే వంటచెరకుకు నరుకుతారు. సాలీడుకు కావలసింది సరిగ్గా ఆ చెట్టే. రెండోది వ్యాపారం. అమెరికా, యూరప్ దేశాల్లో సాలీళ్లను గాజుపెట్టెల్లో పెంచుకునే సరదా ఉంది. ఈ నీలి సాలీడు అక్కడ వందల డాలర్లు పలికిన రోజులున్నాయి.

2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో ఈ జాతి సాలీళ్లన్నిటినీ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అంటే అనుమతి పత్రాలు లేకుండా వాటిని దేశాల మధ్య అమ్మడం కుదరదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటీస్ జాబితాలోని ప్రాణుల కోసం అందులో ప్రత్యేకంగా ఒక షెడ్యూలు పెట్టారు. చట్టం వచ్చింది, మంచిదే. కానీ చట్టం చెక్‌పోస్టు దగ్గర నిలబడుతుంది. చెట్టు దగ్గర నిలబడేది ఆ ఊరి మనిషే.

దూరపు ద్వీపం చెప్పే పాఠం

హవాయి దీవుల్లో కవాయ్ అనే ద్వీపం ఉంది. దాని దక్షిణ భాగంలో కొలోవా అనే చోట, పాత లావా ప్రవహించి ఏర్పడిన గుహల్లో ఒక సాలీడు ఉంటుంది. ప్రపంచంలో మరెక్కడా లేదు. దాని బంధువులైన తోడేలు సాలీళ్లకు పెద్ద పెద్ద కళ్లుంటాయి. తరతరాలుగా చీకట్లో బతికిన దీనికి మాత్రం కళ్లే లేవు. 1973లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. 2000లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోతున్న ప్రాణిగా ప్రకటించింది. 2003లో దాని కోసం 272 ఎకరాలను కీలక నివాసంగా గుర్తించింది.

దాని బతుకు గొలుసును గమనించండి. ఆ సాలీడు తినేది అదే గుహలో ఉండే, రొయ్యకు దూరపు చుట్టమైన ఒక చిన్న జీవిని. ఆ జీవి తినేది గుహ పైకప్పు నుంచి లోపలికి దిగి కుళ్లిన చెట్ల వేళ్లను. పైన చెట్లు కొట్టేస్తే కింద వేళ్లు ఉండవు. వేళ్లు లేకపోతే ఆ చిన్న జీవికి తిండి ఉండదు. అది పోతే సాలీడు పస్తు. గుహలో ఎవరూ అడుగు పెట్టకపోయినా, పైన జరిగే పనితోనే కింద ఉన్నది చచ్చిపోతుంది. అక్కడ భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటు వ్యక్తులది. అందుకే భూమి యజమానులు కలిసి రాకుండా ఆ సాలీడును కాపాడడం ప్రభుత్వం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

గుత్తి సాలీడుకు చుట్టూ సముద్రం లేదు. అయినా దానిదీ ద్వీపమే. పొలాలు, రోడ్లు, ఊళ్లు చుట్టుముట్టిన కాస్త అడవి ద్వీపం. ఒకే చోట ఉన్నదాన్ని అక్కడ పోగొట్టుకుంటే, వేరే చోటి నుంచి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒకరి దగ్గర దాచమని ఇచ్చిన సొమ్మును మనం అమానత్ అంటాం. దానికి రెండో ప్రతి ఉండదు, పోతే మన సొమ్ముతో తీర్చలేం. ఈ సాలీడు అలాంటి అమానత్.

మన కొండలు, మన చెక్క

ఆ అడవి నల్లమలలో ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు వెలికొండల పంచన ఉన్నాయి. మన కొండల్లో గుత్తి సాలీడు ఉన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఖాలా ఇంట్లో కనబడింది వేరే జాతి. మరి మనకెందుకు?

ఎందుకంటే మన బతుకూ ఆ తొర్ర చెట్టు మీదే ఉంది. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది మన ముస్లిం కుటుంబాల ఆడవాళ్లే. దుర్గం కొండ చుట్టుపక్కల దొరికే నర్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబరికి చెక్కలు వాళ్ల ముడిసరుకు. సన్నటి చెంచా, ఫోర్కు, దువ్వెన చేసి పది రూపాయలు సంపాదించాలంటే ముందు కొండ మీద ఆ చెట్టు ఉండాలి. దగ్గర్లో లేకపోతే ఇంకా పైకి నడవాలి, మోసుకు రావాలి, కొనాలి. చెట్టు తగ్గితే సాలీడు ఇల్లు పోతుంది, ఖాలా కూలీ కూడా పోతుంది. రెండూ ఒకే లెక్క పుస్తకంలో ఉన్నాయి.

మనం కుట్టుమిషను ఇచ్చినప్పుడు దారం దొరుకుతుందా లేదా అని కూడా చూస్తాం కదా. చెక్కపని చేసే కుటుంబానికి ఉలి, బాడిశ కొనిచ్చి, చెట్టు సంగతి పట్టించుకోకపోతే సాయం సగమే అవుతుంది.

మనం చేయగలిగినవి

దాతల ముందు నాలుగు విషయాలు పెడుతున్నాం. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి, మన ఖబ్రస్థాన్లలో, మసీదు ఆవరణల్లో, వక్ఫ్ భూముల్లో ఉన్న పాత వేప, చింత, రావి చెట్లను తొర్ర పడిందని కొట్టించవద్దు. కూలి ఎవరి మీదో పడే ప్రమాదం ఉంటే ఆ కొమ్మ మాత్రమే తీయించండి. ఒక తొర్రలో సాలీడు, గుడ్లగూబ, చిలక, ఉడత ఇన్ని సంసారాలు సాగుతాయి. ప్రహరీ కట్టేటప్పుడు చెట్టును తప్పించి కట్టమని మేస్త్రీకి ఒక్క మాట చెబితే చాలు.

రెండు, ఖాళీగా ఉన్న చోట చెక్కపనికి వచ్చే చెట్లను నాటుదాం. వాటి మొలకలు ఎలా తీయాలో కొండ తిరిగే పెద్దవాళ్లకూ అటవీ శాఖ నర్సరీలకూ తెలుసు. ఈ తరం కోయకపోయినా వచ్చే తరానికి అందుతాయి. నాటిన చెట్టు నుంచి మనిషి గానీ పక్షి గానీ పశువు గానీ తింటే, అది నాటినవారికి సదఖా అవుతుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం.

మూడు, ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుకుంటున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. గ్యాస్ కనెక్షన్ ఉన్నా సిలిండరు నింపుకోలేక కొండకు పోయేవాళ్లూ ఉన్నారు. రంజాన్ కిట్టుతో పాటు ఒక సిలిండరు డబ్బు కూడా కలిపితే ఆ నెల ఒక తల్లి ఊపిరితిత్తులకు పొగ తగ్గుతుంది, కొండ మీద ఒక మోపు కట్టె మిగులుతుంది.

నాలుగు, మన పిల్లలకు చెప్పుదాం. ప్రపంచంలో 50 వేలకు పైగా సాలీడు జాతులను గుర్తించారు. అవన్నీ కలిసి ఏడాదికి 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల పురుగులను తింటాయని 2017లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పొలం గట్టు మీద గూడు కట్టిన సాలీడు రైతు పక్షాన జీతం లేకుండా పనిచేస్తుంది. ఎవరైనా బయటి మనిషి వచ్చి రంగు సాలీడు పట్టిస్తే డబ్బిస్తానంటే వద్దనాలని, అటవీ శాఖకు చెప్పాలని పిల్లలకు తెలియాలి.

ముగింపు

ఒకప్పుడు ఒక సాలీడు కొట్టేసిన చెట్టుతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుంది. అక్కడ దాన్ని చూసినవారికి దాని ఇల్లు ఎక్కడో తెలుసుకోవడానికి నూరేళ్లు పట్టింది. ఇప్పుడు ఇల్లు ఎక్కడో తెలుసు. ఇంకో నూరేళ్ల తరువాత దాన్ని చూడాలనుకునేవారికి ఆ ఇల్లు ఉండాలా, లేక పేరు మాత్రమే మిగలాలా అన్నది ఇప్పుడు కొండల పక్కన బతికే మనలాంటివాళ్ల చేతిలో ఉంది.

ఉదయగిరిలో ఆ ఖాలా ఏ జాబితా చదవలేదు, ఏ చట్టం తెలియదు. నానీ చెప్పిన ఒక్క మాట గుర్తుపెట్టుకుని చీపురు పుల్లతో దారి చూపింది. గుమ్మం దాటిన ఆ సాలీడుకు వెళ్లడానికి ఒక చెట్టు ఉండేలా చూడడం మన వంతు. ఈ ఏడాది మీరు ఇచ్చే దానంలో చెట్టుకు కూడా ఒక పాలు ఉంచమని మా మనవి.